రెండు షామియానాల ప్రేమవిందు

మొన్నొక ఆదివారం మధ్యాహ్నం ఎల్‌బీ నగర్ మెట్రో మెట్లు దిగి చంపాపేట్ వైపు నడుస్తుంటే, సగం కట్టిన అపార్ట్‌మెంటు ముందు కూలివాళ్లు మూడు ఇటుకలు పేర్చి అన్నం వండుతున్నారు. ఆ వాసన తగలగానే నా కాళ్లు వాటంతటవే నిలబడిపోయాయి. అది ఒక రకం బియ్యం వాసన కాదు. గోనెసంచి తేమను ఇంకా విడవని రేషన్ బియ్యం వాసన, దానిలో కలిసీ కలవని సన్నబియ్యపు లేత తియ్యదనం, పురుగు పట్టకుండా వేసి ఏరడం మరిచిపోయిన వేపాకు చేదు, అన్నిటికీ అడుగున కాస్త మాడు. ఇలాంటి అన్నంలో సగం గింజలు ముద్దవుతాయి, సగం పలుకుగా మిగిలిపోతాయి. వంట తెలిసినవాళ్లెవరూ దీన్ని అన్నమని ఒప్పుకోరు. నాకు మాత్రం చిన్నప్పుడు క్రిస్మస్ ఈ వాసనతోనే వచ్చేది.

ఈ వ్యవహారంలో నా బుద్ధితక్కువతనాన్ని ముందే ఒప్పేసుకోవడం మంచిది. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మా చర్చి రెండుగా చీలినప్పుడు, కాలనీ మొత్తంలో మనస్ఫూర్తిగా సంతోషించినవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడు నాకు పదేళ్లు. ఇక నుంచి క్రిస్మస్‌కు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందులు రెండు ఉంటాయని ఎవరో అంటే విని, ప్రేమ రెట్టింపయిందని అనుకున్నాను. లెక్కల్లో నాకొచ్చే మార్కులతో పోలిస్తే అది పెద్ద తప్పేమీ కాదు. భాగహారం చూసి గుణకారమనుకున్నాను, అంతే.

చర్చి అంటే ఇప్పటి పాలరాతి మెట్ల కట్టడం కాదు. చంపాపేట్ నుంచి కర్మన్‌ఘాట్ వెళ్లే దారిలో, వెల్డింగు షాపు వెనక సందులో, రేకుల కప్పు వేసిన పొడుగాటి గది. వానొస్తే ప్రసంగం వినపడేది కాదు, ఎండొస్తే ప్రసంగం తప్ప మరేమీ తెలియని పెద్దవాళ్లు కూడా విసనకర్రల వైపే చూసేవాళ్లు. ఆదివారం పొద్దున ఆ గదిలోకి అడుగుపెడితే కొబ్బరినూనె, మల్లెపూలు, పెట్టెలోంచి అప్పుడే తీసిన చీరల కలరా ఉండల వాసన, ముందురోజు కడిగిన గచ్చు తడి, అన్నీ కలిసి ఎదురొచ్చేవి. డోలక్ వాయించే అన్నయ్య అరిచేతులకు రాసుకునే పౌడరు పొగలా లేచేది. మేం పిల్లలం చాప చివర కూర్చుని, ముందున్నవాళ్ల చెప్పులు జతలు మార్చేసి, ఆరాధన అయ్యాక ఎవరు ఎవరి చెప్పుతో కుంటుతారో చూడటానికి దేవుడికంటే ఓపిగ్గా ఎదురుచూసేవాళ్లం.

ఆ గదిలో సగం మంది నల్గొండ పల్లెల నుంచి వచ్చినవాళ్లు, సగం మంది కోస్తా నుంచి వచ్చినవాళ్లు. డిసెంబరు వస్తే ఒకరి ఇంటి గర్జెలు మరొకరి ఇంటికి కజ్జికాయలై చేరేవి. మా నాయినది నకిరేకల్ దగ్గర పల్లె, కరెంటు ఆఫీసులో లైన్‌మన్. మా అమ్మ శాంతిది తెనాలి వైపు, చర్చి పాటల బృందంలో ఆమెదే మొదటి గొంతు. నాయిన చారులో ఉప్పు ‘జర తక్కువైంది’ అనేవాడు, అమ్మ ‘కాస్త సరిపోలేదేమో’ అనేది. నేను ఆ ఇద్దరి ఉమ్మడి రాష్ట్రాన్ని.

మా చర్చిలో పిడికెడు బియ్యమని ఒక అలవాటు ఉండేది. ఇంట్లో ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. వారమంతా అలా పోగైన బియ్యాన్ని ఆదివారం రుమాల్లో మూట కట్టి తెచ్చి, వరండాలో ఉన్న పెద్ద డ్రమ్ములో పోస్తారు. సోనా మసూరి తినే ఇంటివాళ్లవీ అందులోనే, రేషన్ బియ్యం తినే ఇంటివాళ్లవీ అందులోనే, నూకలతో గడుపుకునేవాళ్లవీ అందులోనే. నెలకొకసారి అందులోంచి దిక్కులేని వాళ్లకూ వితంతువులకూ కొలిచి వాటా పంచేవాళ్లు, మిగిలింది క్రిస్మస్ ప్రేమవిందుకు వండేవాళ్లు. మాకు ఆ డ్రమ్మే ఆటస్థలం. ఎవరూ చూడనప్పుడు మూత తీసి మోచేయి దాకా చెయ్యి ముంచితే, మే నెలలో కూడా లోపల చల్లగా ఉండేది. గుప్పెడు తీసి ఏ గింజ ఎవరింటిదో పందెం వేసుకునేవాళ్లం. ఎవరికీ తేలేది కాదు, అందుకే ఆట ఎప్పటికీ అయిపోయేది కాదు.

క్రిస్మస్ రోజున ఆ కలగాపులగపు బియ్యం పెద్ద గుండిగలో ఉడికి, పైన చెప్పిన ఆ దిక్కుమాలిన అన్నమయ్యేది. పెద్దలు విస్తరి ముందు కూర్చుని ‘ఏంటండీ ఈసారి మరీ పలుకు’ అనో, ‘గిదేంది ముద్ద ముద్ద’ అనో గొణిగేవాళ్లు. గొణుగుతూనే మారు వడ్డించుకునేవాళ్లు.

నెలనెలా ఆ వాటా తీసుకునేవాళ్లలో సువార్తమ్మ ఒకావిడ. పుట్టింది బందరులో. పెళ్లయింది నల్గొండ లారీ డ్రైవరుతో. ఆయన పోయాక చంపాపేట్‌లో ఒక్క గది కిరాయికి తీసుకుని, నాలుగిళ్లలో పప్పులు బాగుచేసి, అప్పడాలు ఒత్తి బతికేది. ఇంత పొట్టి మనిషి, అంత పెద్ద గొంతు. వాటా తీసుకునేదే అయినా ప్రతి ఆదివారం తన పిడికెడు తాను తెచ్చేది. రుమాలు ముడి పళ్లతో విప్పి, ఒక్క గింజ కింద పడకుండా డ్రమ్ములో వొంపి, మూత మీద అరచేత్తో ఒకసారి తట్టేది, పడుకోబెట్టిన బిడ్డను తట్టినట్టు. మా చర్చిలో నేను చూసిన భక్తి ఏదైనా ఉందంటే ఆ తట్టడమే.

చీలిక ప్రార్థనతో మొదలైంది. సంఘ పెద్దలు ఇద్దరు. లారీలు నడిపించే ఏసుదాసుది నల్గొండ. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ నడిపే ఆశీర్వాదం గారిది గుంటూరు. ఒక ఆదివారం ఏసుదాసు కళ్లు మూసుకుని, “తండ్రీ, మా రాష్ట్రం మాకియ్యి” అని ప్రార్థించాడు. సగం గది “ఆమెన్” అంది, సగం గది దగ్గింది. వెంటనే ఆశీర్వాదం గారు లేచి, “ప్రభువా, అందరినీ సమైక్యంగా ఉంచు” అని ప్రార్థించారు. ఈసారి దగ్గినవాళ్లు ఆమెన్ అన్నారు, ఆమెన్ అన్నవాళ్లు దగ్గారు. ఆ తర్వాత ప్రతి ఆదివారమూ ఇదే. దేవుడికి మా విన్నపాలు అందాయో లేదో తెలియదు గానీ, మాకందరికీ దగ్గు మందు అవసరమని మాత్రం అర్థమై ఉంటుంది.

కొన్నాళ్లకు ఎనిమిది గంటల ఆరాధన ఏసుదాసు వైపువాళ్లది, పదకొండు గంటల ఆరాధన ఆశీర్వాదం గారి వైపువాళ్లది అయింది. మా అయ్యగారు, అంటే పాస్టరుగారు, రెండింటికీ ఒకే ప్రసంగం చెప్పేవారు. మధ్యలో టీ తాగుతూ యాస మార్చుకునేవారు. పొద్దున ‘జల్దీ ఒస్తుండు’ అన్న ప్రభువు పదకొండు దాటాక ‘త్వరగా వచ్చేస్తున్నాడండీ’. ఎవరైనా ఏమైనా అడిగితే ఆయన దగ్గర ఒకటే జవాబు: “ప్రార్థన చేద్దాం.” చేసేది ప్రార్థనా, తప్పించుకోవడమా అన్నది ఆయనకే తెలియాలి.

తర్వాత వరండాలో ఒక డ్రమ్ము స్థానంలో రెండు వచ్చాయి. నీలంది ఎనిమిదిగంటల వాళ్లది, తెల్లది పదకొండు గంటల వాళ్లది. పాత డ్రమ్ములో మిగిలిన బియ్యాన్ని ఎవరి గింజలు వాళ్లకు ఏరిపెట్టడం కుదరదు కాబట్టి, ఇద్దరు పెద్దలూ కూర్చుని తవ్వతో కొలుచుకున్నారు. దేవుడికి పెట్టిన పిడికెళ్లను ఇద్దరు తెల్లచొక్కాల పెద్దమనుషులు ‘నీకొకటి, నాకొకటి’ అని కొలుచుకుంటుంటే వరండా గోడకానుకుని చూశాను. అప్పుడది నాకు భలే ఆటలా కనిపించింది. ఇప్పుడు తలుచుకుంటే నోట్లో ఏదో పుచ్చు పల్లీ కొరికినట్టుంటుంది.

తర్వాతి ఆదివారం సువార్తమ్మ రుమాలు మూటతో వచ్చి రెండు డ్రమ్ముల మధ్య నిలబడింది.

“దాసూ, నా పిడికెడు దేంట్లో పొయ్యాల నాయనా?”

ఏసుదాసు ఎంతో మర్యాదగా చెప్పాడు. “నీది బందరు గదా పెద్దమ్మా. గా తెల్లదాంట్ల పొయ్యి.”

ఆమె పదకొండింటిదాకా కూర్చుని ఆశీర్వాదం గారిని అడిగింది. ఆయన అంతకంటే మర్యాదగా చెప్పారు. “పెళ్లయ్యాక మెట్టినిల్లే లెక్కండీ సువార్తమ్మగారూ. మీ ఆయన నల్గొండ కదా. నీలందాంట్లో పోయండి.”

సువార్తమ్మ కాసేపు ఇద్దరి మర్యాదనూ మోస్తూ నిలబడి, సగం పిడికెడు నీలంలో, సగం పిడికెడు తెల్లదాంట్లో పోసి, రెండు మూతల మీదా తట్టి వెళ్లిపోయింది. నెలాఖరుకు వాటాలు పంచినప్పుడు నీలంవాళ్లు ఆమె తెల్లవాళ్ల మనిషన్నారు, తెల్లవాళ్లు నీలంవాళ్ల మనిషన్నారు. ఆమె సంచీ ఎలా వచ్చిందో అలాగే మడతపెట్టుకుని ఇంటికెళ్లింది.

ఆ సాయంత్రం అమ్మ మా ఇంటి పిడికెడు డబ్బా తీసుకుని ఆమె గదికి బయల్దేరింది. నేనూ వెనకే. గదిలో అప్పడాల పిండి ఇంగువ వాసన, గోడకు వేలాడే పాత నక్షత్రం, కిరసనాయిలు మరక. సువార్తమ్మ డబ్బా ముట్టుకోలేదు.

“తీసుకో పిన్నీ, మా ఇంట్లోవే కదా,” అంది అమ్మ.

“అందుకే వద్దంటన్నా శాంతమ్మా. మీ ఇంట్లోంచి తెస్తే అది నీ దయ. గుడిలోంచి వస్తే అది నా వాటా. నేనూ పోస్తన్నాగా పిడికెడు! ఆకలంటావా, ఎలాగో తీరుద్దిలే. నన్ను ఏ ఇంటి మనిషినో చెప్పమను ముందు.”

అమ్మ డబ్బా తిరిగి చంకన పెట్టుకుని వచ్చేసింది. ఇంటికొచ్చాక నాయినతో, “మీ దాసుకు చెప్పండి” అంది. నాయిన, “మీ ఆశీర్వాదానికి నువ్వు చెప్పు” అన్నాడు. ఆ రాత్రి మా ఇంట్లోనూ రెండు ఆరాధనలు జరిగాయి. ఒకటి వంటగదిలో, ఒకటి వాకిట్లో.

ఉద్యమం జోరు మీదున్న రోజుల్లో ఒకనాడు రోడ్ల మీద వంటా వార్పు పెట్టారు. ఎక్కడి బండ్లు అక్కడ ఆపేసి, రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి, ఇంటింటి నుంచి తెచ్చిన బియ్యం వండి అందరూ కూర్చుని తినడం. ఆ పొద్దున అమ్మ సువార్తమ్మను బీపీ మందుల కోసం దవాఖానకు తీసుకెళ్లి, ఆటోలు లేక నన్నూ ఆమెనూ చెరో చేత్తో పట్టుకుని నడిపించుకొస్తోంది. ఎల్‌బీ నగర్ చౌరస్తా అంతా పొగ, డప్పులు, చింతపండు పులుసు మరుగుతున్న వాసన, కరుగుతున్న తారు వాసన. విజయవాడ బస్సులు వరసగా నిలిచిపోయి, కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూస్తున్నారు. నాయిన సమ్మెలో ఉన్నాడు కాబట్టి అక్కడే, తలకు తువ్వాలు చుట్టి, తెడ్డంత గరిటెతో గుండిగ కలుపుతున్నాడు. అమ్మ తల దించుకుని పక్కనుంచి దాటిపోదామని చూసింది. నోరు తెరిస్తే యాస బయటపడుతుందని ఆమె భయం.

పొయ్యి దగ్గరున్న ఒక ముసలమ్మ పట్టేసుకుంది. “ఏ ఊరమ్మా మీది?”

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సువార్తమ్మే అందుకుంది. “నాదా? అదే తెలిస్తే గుడిలో చెప్పేదాన్ని కదమ్మా.”

ఆ ముసలమ్మకు ఏమర్థమైందో. “ఊరు లేకుంటె పాయె, ఆకలున్నదా లేదా? కూసో. ఓ బిడ్డా, నువ్వు గూడ కూసో. గా పోరన్ని గూడ కూసోబెట్టు.”

కూర్చున్నాం. తారురోడ్డు కాళ్లకు చురుక్కుమంటోంది, విస్తరాకు మీద అన్నం అంతకంటే వేడిగా ఉంది. ఒక్క ముద్ద పెట్టుకుని తలెత్తి చూశాను. సగం ముద్ద, సగం పలుకు. అచ్చం మా ప్రేమవిందు అన్నమే! మా గుడిలో కనపడకుండా పోయింది రోడ్డు మీదికొచ్చి కూర్చుంది.

పప్పుచారు బకెట్టుతో వడ్డిస్తున్నది ఎవరో కాదు, మా ఏసుదాసే. బస్సులు దిగొచ్చి బెరుగ్గా నిలబడ్డవాళ్లను చేతులు పట్టుకుని కూర్చోబెడుతున్నాడు. “తినుండ్రి అన్నా, తినుండ్రి. ఆంధ్రోళ్లయితె ఏంది, మనుషులు కారా?” అంటున్నాడు. అన్న ప్రతిసారీ టీవీ కెమెరా ఎటుందో చూసుకుంటున్నాడు.

మా ముందుకొచ్చేసరికి సువార్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. “దాసూ, ఈ గరిటె ఆదివారం పూట యాడ దాస్తావు నాయనా?”

ఏసుదాసు ముఖంలో నవ్వు వెంటనే పోలేదు, మెల్లగా పోయింది. “పెద్దమ్మా, ఇది ఉద్యమం. అది సంఘం. రెండు కలపొద్దు.”

ఆశీర్వాదం గారూ తక్కువేమీ కాదు. ఆయన కోచింగ్ సెంటర్లో ఆదిలాబాదు పిల్లలూ శ్రీకాకుళం పిల్లలూ ఒకే బెంచీ మీద భుజాలు రాసుకుంటూ కూర్చునేవాళ్లు. ఫీజుకు యాస లేదు కదా. వారంలో ఆరు రోజులు ఈ ఇద్దరూ మనుషులను మనుషుల్లాగే చూసేవాళ్లు. ఏడో రోజు, దేవుడి ఎదుట మాత్రమే, వాళ్లకు అది సాధ్యమయ్యేది కాదు. రోడ్డుకున్న మర్యాద, వ్యాపారానికున్న మర్యాద కూడా గుడికి లేకపోవడమంత రోత మరొకటి నేను చూడలేదు.

ఆ క్రిస్మస్‌కు సందులో రెండు షామియానాలు లేచాయి. ఎవరు ముందు తినాలన్న తగువు రాకుండా రెండు విందులూ ఒకే వేళకు పెట్టారు. మధ్యలో చర్చి మెట్టు. నేను నా గుణకారాన్ని అమలు చేశాను. నాయిన వైపు షామియానాలో ఒక విస్తరి ముగించి, చేతులు కడగకుండానే అమ్మ వైపు షామియానాలోకి పరుగెత్తాను. అటూ ఇటూ డ్రమ్ములు చాలవని సన్నబియ్యం కొని తెప్పించారట. రెండు చోట్లా పువ్వులాంటి అన్నం. అటు వెళ్లేటప్పుడు చూశాను, మెట్టు మీద సువార్తమ్మ తెల్లచీర కట్టుకుని, కొంగు ఒళ్లో సర్దుకుని కూర్చుని ఉంది. ఎవరైనా పిలుస్తారని ఎదురుచూస్తోంది. అటువాళ్లు ఇటువాళ్లు పిలుస్తారనుకున్నారు, ఇటువాళ్లు అటువాళ్లనుకున్నారు. రెండో విస్తరి ముందు కూర్చున్నాక నాకు ఆ మెట్టు కనిపిస్తూనే ఉంది. మూడో ముద్ద విస్తర్లోనే వదిలేశాను. లెక్క ఎక్కడ తప్పానో అప్పటికి తెలిసింది.

అమ్మ పాటల పుస్తకం కుర్చీ మీద పడేసి లేచింది. ఒక విస్తరి తీసుకుని ఈ షామియానా గుండిగలోంచి రెండు గరిటెలు, ఆ షామియానాలోకి నేరుగా నడిచి వెళ్లి ఆ గుండిగలోంచి రెండు గరిటెలు వేయించుకుని, రెంటినీ చేత్తో కలిపి, మెట్టు మీద పెట్టి తనూ పక్కన కూర్చుంది. సువార్తమ్మ ఆ అన్నాన్ని వేలితో కదిపింది.

“ఇదైతే తినొచ్చులే. ఇది గుడిదే,” అంది.

అటువైపు నుంచి నాయిన తన విస్తరి ఎత్తుకుని వచ్చాడు. “జర జరుగు శాంతీ,” అని మూడో మనిషిగా ఇరుక్కున్నాడు. నేను నాలుగో వాణ్ణి. రెండు వైపులా జనం నమలడం ఆపి మమ్మల్ని చూశారు. తర్వాత మళ్లీ నమిలారు.

రాష్ట్రం వచ్చింది. టపాకాయలు కాల్చారు. తగువుకు కారణం తీరిపోయింది కదా, ఇక డ్రమ్ములు ఒకటవుతాయని నేను మళ్లీ అమాయకంగా అనుకున్నాను. డ్రమ్ములు కాలేదు. కారణం పోయినా కడుపులో ఉన్నది పోలేదు. ఆ మరుసటి వానాకాలం సువార్తమ్మ పోయింది. అప్పుడు మాత్రం ఇద్దరు పెద్దలూ వచ్చారు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్లవైపు నిలబడి, ‘మా సంఘ తల్లి’ అని ఒకరూ, ‘మా ఆరాధనలో స్తంభం’ అని ఒకరూ సాక్ష్యం చెప్పారు. పూలదండలు రెండు. బతికినన్నాళ్లూ వద్దనుకున్న మనిషి కోసం అలా పోటీపడుతుంటే, నాకు అక్కడి గొయ్యి మట్టి వాసన కూడా నయమనిపించింది.

ఇప్పుడు రేకులు పోయి స్లాబు వచ్చింది, పైన ఏసీ హాలు వచ్చింది. డ్రమ్ములు ఉన్నచోట గోడకు కానుకల క్యూఆర్ కోడ్ అంటించారు. దానిలో చెయ్యి ముంచితే చల్లగా ఉండదు. పిడికెడు తీసిపెట్టే ఇల్లాలు మా అమ్మ తప్ప ఎవరూ లేరు. షామియానాలు మాత్రం రెండే. పోయిన క్రిస్మస్ ముందు, ఉద్యోగంలో కుదురుకున్న కుర్రాణ్ణని, ఆశీర్వాదం గారు కర్ర పట్టుకుని మా ఇంటికొచ్చి తమ విందుకు బియ్యం ఇవ్వమన్నారు. “పాత సన్నబియ్యం అయితే బావుంటుంది బాబూ.” మర్నాడు ఏసుదాసు వచ్చాడు. “మంచి సన్నయి చూసి ఇయ్యి బిడ్డా.” ఇద్దరి కోరికా ఒకటే! ఇద్దరికీ సరేనన్నాను.

మా చిన్నప్పుడు రేషన్‌లో వచ్చిన లావు గింజల దొడ్డు బియ్యం ఇప్పుడు హైదరాబాదు దుకాణాల్లో దొరకడమే గగనం. నాయిన ఊరెళ్లి తెచ్చాడు. డాబా మీద దుప్పట్లు పరిచి, సన్నవీ దొడ్డువీ నూకలూ కుప్ప పోసి, ముగ్గురం మోచేతుల దాకా కలిపాం. అమ్మ గుప్పెడు ఎండు వేపాకు కూడా వేసి, “పాపమేమోరా?” అంది. నాయిన, “కలుపు, కలుపు, మంచిగ కలుపు” అన్నాడు. రెండు బస్తాలు కుట్టి, చెరొక షామియానాకు పంపాను.

క్రిస్మస్ మధ్యాహ్నం నేను చర్చి మెట్టు మీద కూర్చుని ఉన్నాను. ముందు ఆశీర్వాదం గారు పళ్లెంతో వచ్చారు. “ఏం బాబూ, మంచివి వాళ్లకిచ్చి ఇవి మా మొహాన కొట్టావా?” ఆ మాట ముగియకముందే అటునుంచి ఏసుదాసు. “వాళ్లకు సన్నయి ఇచ్చి మాకు గివ్వి ఇస్తవా బిడ్డా?”

ఇద్దరికీ ఒకే జవాబు చెప్పాను. “నమ్మకపోతే అటెళ్లి ఒక్క ముద్ద తిని చూడండి.”

అనుమానం ఎంత బలమైందో ఆ రోజు చూశాను. ఇన్నేళ్ల ప్రసంగాలు దాటించలేని ఆ మెట్టును ఇద్దరు ముసలివాళ్లు పళ్లేలతో సహా దాటారు. ఆశీర్వాదం గారు నీలంవాళ్ల షామియానాలో, ఏసుదాసు తెల్లవాళ్ల షామియానాలో, నిలబడే ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమిలారు. వేపాకు తగిలినట్టుంది, ఏసుదాసు నమలడం ఆపి ఒకప్పుడు డ్రమ్ములు ఉండే గోడ వైపు చూశాడు. మళ్లీ మెట్టు దాటి, ఒకరినొకరు చూసుకోకుండా, ఎవరి నీడలోకి వాళ్లు వెళ్లిపోయారు. మనుషులు మారారని నేను చెప్పను. కానీ ఎదుటి గుండిగలోని ముద్ద ఇద్దరి గొంతులూ దిగింది. దాన్ని ఇక ఏ తవ్వతోనూ కొలిచి వెనక్కివ్వలేరు.

నేను రెండు షామియానాల నుంచీ తెచ్చుకున్న అన్నాన్ని చేత్తో కలుపుకుని, పక్కన ఒక మనిషికి సరిపడా చోటు వదిలి, తీరిగ్గా తిన్నాను. సగం ముద్ద, సగం పలుకు. మారు కూడా వడ్డించుకున్నాను.